ఎల్క్ వేటకు తూటా ఎంచుకోవడం: ముందు మీ భుజాన్ని అడగండి

ప్రతి ఆగస్టులో నాకు ఒకే రకం ఫోన్ వస్తుంది. డెన్వర్ చుట్టుపక్కల మనవాళ్లలో ఎవరో ఒకరు హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పూర్తి చేసి, ఎల్క్ అనే పెద్ద జింకను వేటాడే అనుమతి (ట్యాగ్) తెచ్చుకుని, తుపాకీ షాపులో నిలబడి ఫోన్ చేస్తారు. "అన్నా, ఇక్కడ గోడ నిండా డబ్బాలే. ఏది తీసుకోమంటావ్?" వెనకాల షాపువాడి గొంతు కూడా వినిపిస్తుంటుంది. ఎల్క్ అంటే పెద్ద జంతువు, పెద్ద మ్యాగ్నమ్, అంటే మందు ఎక్కువ పట్టే బలమైన తూటా, కావాల్సిందే అని.

నాకూ ఒక షాపులో అదే చెప్పారు. నమ్మి .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ కొన్నాను. ఆ నవంబరులో ఒక ఆడ ఎల్క్ 180 గజాల దూరంలో పక్కకు తిరిగి నిలబడింది. అంతకంటే మంచి అవకాశం ఎవరికీ రాదు. అయినా తూటా పొట్టలో తగిలింది. మంచులో నెత్తుటి చుక్కల వెంట ఆ సాయంత్రం, మర్నాడంతా తిరిగాను. చీకటి పడేసరికి చుక్కలు కూడా ఆగిపోయాయి. అది దొరకలేదు. తుపాకీలో శక్తి తక్కువై అలా జరగలేదు. పేలినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే తన్నుకు భయపడి, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో నా కళ్లు మూసుకుపోయాయి. ఇప్పటికీ ఆ లోయ పక్క నుంచి కారులో వెళ్తే మనసు ఒకలా అయిపోతుంది.

అందుకే ఫోన్ చేసినవాళ్లకు తూటా పేరు చెప్పను. ఏ వరసలో ఆలోచించాలో చెప్తాను. అదే ఇక్కడ రాస్తున్నాను. ఎంచుకునే దగ్గర తూటా అంటే మందుతో సహా మొత్తం, బుల్లెట్ అంటే దాని ముందు ఉండి జంతువుకు తగిలే ముక్క.

మొదట చట్టం చూసుకోండి

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. ఇక్కడ రాసేదంతా అమెరికాలో, లైసెన్సుతో, సీజన్లో చేసే వేట గురించే. నేనుండేది కొలరాడోలో కాబట్టి ఈ రాష్ట్రం లెక్కలే చెప్తాను. మీ రాష్ట్రం నియమాలు విడిగా చూసుకోండి.

మీరు హెచ్-1బి లాంటి వీసా మీద ఉంటే ఇది రెండుసార్లు చదవండి. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. ఉన్న మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది ఒక్కటే: అమెరికాలో ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు మీ చేతిలో ఉండాలి. తుపాకీ కొనే రోజుకే కాదు, అది ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఉండాలి. లైసెన్సు గడువు తీరితే మినహాయింపూ పోతుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ చిక్కు లేదు. ఏ మాత్రం అనుమానం ఉన్నా ఇమిగ్రేషన్ లాయరును అడిగాకే షాపు గుమ్మం ఎక్కండి. దీనిలో తేడా వస్తే పోయేది ట్యాగ్ కాదు, ఇక్కడి బతుకు.

ఇక తూటాకు సంబంధించిన నియమం. కొలరాడోలో ఎల్క్ మీద వాడే రైఫిల్ కనీసం .24 క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం, అంగుళాల్లో) ఉండాలి. బుల్లెట్ కనీసం 85 గ్రెయిన్ల (బుల్లెట్లను తూచే చిన్న కొలత) బరువుండాలి, తగలగానే విచ్చుకునే రకమై ఉండాలి. 100 గజాల దగ్గర కనీసం 1,000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలి. ఈ లెక్కన .243 విన్‌చెస్టర్ కూడా చెల్లుతుంది. చెల్లుతుంది కదా అని మొదటి ఎల్క్‌కు దాన్ని తీసుకెళ్లకండి. ఎముక అడ్డొచ్చినా, జంతువు కాస్త వాలుగా నిలబడినా ఆ చిన్న బుల్లెట్‌తో పని జరగాలంటే చెయ్యి బాగా తిరిగినవాడై ఉండాలి.

ఎల్క్‌ను పడగొట్టేది ఏమిటో తెలుసుకోండి

సెప్టెంబరులో ఇక్కడి కొండ ఊరు ఎస్టెస్ పార్క్ వెళ్లినవాళ్లకు ఎల్క్ ఎంత ఉంటుందో తెలుసు. మగది సుమారు 700 పౌండ్లు, ఆడది 500 పౌండ్లు. నల్లమల కణుజును చూసినవాళ్లు దానికంటే ఇంకాస్త పెద్ద ఒడ్డూ పొడుగూ ఊహించుకోండి. తోలు మందం, ముందు జబ్బ ఎముక గట్టి. ఇంత బరువు చూసి అందరూ శక్తి అంకెల వెంట పడతారు.

ఎల్క్‌ను చంపేది ఆ అంకె కాదు. రెండు ఊపిరితిత్తుల్లోంచి దూసుకెళ్లిన రంధ్రం. ముందు కాలికి కాస్త వెనకగా, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర తగిలితే మామూలు తూటాతో కూడా వంద గజాలలోపే పడిపోతుంది. పొట్టలో తగిలితే ఎంత పెద్ద మ్యాగ్నమ్ అయినా కొండలు దాటి పోతుంది. నా మొదటి ఏడాది అనుభవం అదే.

కాబట్టి తూటాకు ఉండాల్సిన గుణాలు రెండే. మీరు చూసిన చోటే తగలాలి. తగిలాక లోపలికి లోతుగా వెళ్లాలి. మొదటిది మీ భుజం మీద, రెండోది బుల్లెట్ తయారీ మీద ఆధారపడి ఉంటుంది. డబ్బా మీది పేరు ఆ రెండింటి తర్వాతే.

మీ దూరం ఎంతో నిజాయితీగా తేల్చుకోండి

సుమారు తొమ్మిది అంగుళాల పేపర్ ప్లేటు తీసుకోండి, మన ఫంక్షన్లలో టిఫిన్ పెట్టే సైజు. రేంజిలో (కాల్చడం సాధన చేసే మైదానంలో) 100 గజాల దగ్గర పెట్టండి. బెంచీ మీద ఆనించి కాదు, నేల మీద కూర్చుని, మోకాళ్ల మీద మోచేతులు పెట్టి ఐదు తూటాలు కాల్చండి. ఐదూ ప్లేటులో పడితే 150 గజాలకు జరపండి, తర్వాత 200. ఎక్కడ ఐదులో ఒకటి బయటికి పోయిందో దానికి ముందున్న దూరమే మీ దూరం. కొండ ఎక్కి, ఊపిరి ఆడక, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే అది ఇంకా తగ్గుతుందే తప్ప పెరగదు.

మొదటి ఏడాది చాలామందికి ఇది 200 గజాల దగ్గరే ఆగుతుంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ దూరానికి మార్కెట్లో ఉన్న సగం తూటాలు చక్కగా సరిపోతాయి. అంటే మీకు ఎంచుకునే స్వేచ్ఛ ఎక్కువన్నమాట.

భుజం ఎంత ఓర్చుకుంటుందో చూడండి

తుపాకీ పేలినప్పుడు వెనక్కి తన్నే బలాన్ని కూడా ఫుట్-పౌండ్లలోనే చెప్తారు. సుమారు ఎనిమిది పౌండ్ల రైఫిల్లో 6.5 క్రీడ్‌మూర్ 12 దాకా తన్నుతుంది. .270 విన్‌చెస్టర్, .308 విన్‌చెస్టర్ 17 దగ్గర, .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్, 7 ఎంఎం రెమింగ్టన్ మ్యాగ్నమ్ 20 దగ్గర ఉంటాయి. .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ 26 దాటుతుంది, .338 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ 30 పైమాటే. కొండెక్కడానికి తేలిగ్గా ఉంటుందని ఆరు పౌండ్ల రైఫిల్ కొంటే ఈ అంకెలన్నీ ఇంకా పెరుగుతాయి.

చాలామందికి 20 దగ్గర ఒక గీత ఉంటుంది. అది దాటాక శరీరం మన మాట వినదు. పేలబోతోందని తెలిసి ముందే బిగుసుకుంటుంది, ఉలిక్కిపడుతుంది. ఇది ధైర్యానికి సంబంధించిన విషయం కాదు, మగా ఆడా తేడా అంతకన్నా లేదు.

మీలో ఆ ఉలికిపాటు ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. స్నాప్ క్యాప్ అని డమ్మీ తూటాలు అమ్ముతారు, లోపల మందు ఉండదు. పక్కన ఉన్న స్నేహితుడిని మీ రైఫిల్లో అసలు తూటాలు, డమ్మీలు కలిపి మీరు చూడకుండా నింపమనండి. ఏది వస్తుందో మీకు తెలియకూడదు. కాల్చండి. డమ్మీ వచ్చినప్పుడు టక్కుమని శబ్దం మాత్రమే వస్తుంది. ఆ క్షణంలో గొట్టం చివర కదలకుండా ఉంటే ఆ తూటా మీదే. గొట్టం కిందికి ముక్కు వాల్చిందంటే మీరు పేలుడుకు ముందే తుపాకీని తోస్తున్నారు.

నా పరీక్ష రేంజిలో ఒక పెద్దాయన పెట్టించారు. నాలుగో తూటా డమ్మీ. నా రైఫిల్ గొట్టం రెండంగుళాలు కిందికి దిగింది. నేను చూశాను, ఆయనా చూశారు. ఏమీ అనలేదు, తన .308 తీసి నా చేతికిచ్చారు. దానితో పది కాల్చేసరికి మళ్లీ డమ్మీ వచ్చింది, గొట్టం కదల్లేదు. మ్యాగ్నమ్ ఆ నెలలోనే అమ్మేశాను.

ఇప్పుడు పేర్లలోకి వెళ్దాం

చట్టం, మీ దూరం, మీ భుజం, ఈ మూడూ తేలాక గోడ మీది డబ్బాల్లో చాలావరకు వాటంతటవే తప్పుకుంటాయి.

మీకు ఏ ఇబ్బందీ లేకుండా 20 దాకా ఓర్చుకోగలిగితే .30-06 తీసుకోండి, ఇంకేం ఆలోచించకండి. పేరులోని 06 అంటే 1906, అమెరికా సైన్యం దాన్ని తీసుకున్న ఏడాది. 180 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 2,700 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. అప్పుడు దాని శక్తి సుమారు 2,900 ఫుట్-పౌండ్లు, 300 గజాల దగ్గర కూడా 1,900 దాకా మిగులుతుంది. ఎల్క్‌కు తగిలే చోట 1,500 ఉండాలని వేటగాళ్ల వాడుక లెక్క. అది శాస్త్రం కాదు, అయినా హద్దుగా పనికొస్తుంది.

ఈ గ్రెయిన్ల లెక్క మనకు కొత్తదేం కాదు. పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లే, అంటే 11.66 గ్రాములు. అమ్మమ్మల కాలం నాటి తులం బంగారం అరచేతిలో పెట్టుకుంటే ఎంత బరువో, .30-06 బుల్లెట్ బరువు అంతే. నేను మొదటిసారి ఇది లెక్కేసుకున్నప్పుడు చాలాసేపు ఆ రాగి రంగు ముక్కను అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూశాను.

.308 వచ్చింది 1952లో. .30-06కు తమ్ముడు, కాస్త పొట్టి, కాస్త మెత్తన. 300 గజాలలోపు ఎల్క్‌కు ఆ రెండింటి తేడా తెలియదు. నేను వాడేది ఇదే. .270 విన్‌చెస్టర్ 1925 నాటిది, బుల్లెట్ సన్నం, దారి చదును (దూరం వెళ్లినా తక్కువే కిందికి జారుతుంది), తన్ను తక్కువ. దానిలో 150 గ్రెయిన్ల గట్టి బుల్లెట్ గానీ 130 గ్రెయిన్ల రాగి బుల్లెట్ గానీ వేసుకోండి. 7 ఎంఎం-08 కూడా ఈ కుటుంబంలోదే, సన్నటి భుజాలవాళ్లకు చాలా మంచిది.

6.5 క్రీడ్‌మూర్ గురించి గొడవలు ఎక్కువ. 2007లో వచ్చింది, టార్గెట్ షూటింగ్ కోసం పుట్టింది. ఎల్క్‌కు చాలదని కొందరు, చాలుతుందని కొందరు. నా అభిప్రాయం ఇది: 143 గ్రెయిన్ల బుల్లెట్‌తో 400 గజాల దగ్గరికి వచ్చేసరికి శక్తి 1,500 కంటే కిందికి జారుతుంది, కాబట్టి 250, మహా అయితే 300 గజాల దగ్గర గీత గీసుకోండి. గట్టి బుల్లెట్ వాడండి, జంతువు పూర్తిగా పక్కకు తిరిగేదాకా ఆగండి. ఈ మూడు షరతులకు ఒప్పుకుంటే అది సరిపోతుంది. ఇంకో తూటాతో ఉలిక్కిపడే మనిషికి అదే అన్నిటికన్నా మంచి తూటా.

మరి మ్యాగ్నమ్‌లు దేనికి? 7 ఎంఎం రెమింగ్టన్ మ్యాగ్నమ్ 1962లో, .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ 1963లో వచ్చాయి. అవి మీ దూరాన్ని ఇంకో వంద గజాలు పెంచగలవు, మీ చేతికి ఆ వంద గజాలు ముందే వచ్చి ఉంటే. డమ్మీ పరీక్షలో గొట్టం కదలనివాళ్లు నిక్షేపంగా తీసుకోవచ్చు. వాళ్లు తక్కువ.

బుల్లెట్ దగ్గర పిసినారితనం వద్దు

షాపులో ఒకే .308 పేరుతో పది రకాల డబ్బాలుంటాయి. తేడా అంతా ముందున్న బుల్లెట్‌లోనే. నా లెక్కలో తూటా పేరుకు పది మార్కులు వేస్తే బుల్లెట్‌కు యాభై వేయాలి.

మామూలు రకంలో సీసం ముద్ద మీద పల్చటి రాగి తొడుగు ఉంటుంది. జింకకు చాలు. ఎల్క్ జబ్బ ఎముకకు దగ్గర నుంచి తగిలితే కొన్నిసార్లు పైనే చితికి ముక్కలైపోతుంది, ఊపిరితిత్తుల దాకా వెళ్లదు. 1946లో జాన్ నోస్లర్ అనే వేటగాడికి కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో సరిగ్గా ఈ అనుభవమే ఎదురైంది. ఆయన చేతిలో ఉన్నది చిన్న తుపాకీ కాదు, .300 హెచ్ అండ్ హెచ్ మ్యాగ్నమ్. మూస్ (ఎల్క్ కంటే పెద్ద జింక) ఒంటి మీద బుల్లెట్లు పైపైనే చితికిపోయాయి. ఇంటికొచ్చి ఆయన బుల్లెట్ మధ్యలో రాగి గోడ ఒకటి పెట్టి, ముందు సగం విచ్చుకున్నా వెనక సగం గట్టిగా నిలిచి లోపలికి దూసుకెళ్లేలా తయారు చేశారు. అదే పార్టిషన్ బుల్లెట్. ఇప్పటికీ ఎల్క్‌కు దానికి వంక పెట్టలేం.

రెండో రకం బాండెడ్. సీసాన్ని, తొడుగును విడిపోకుండా అతికిస్తారు. నోస్లర్ అక్యూబాండ్ ఈ కోవలోది. మూడోది పూర్తి రాగి బుల్లెట్, సీసం అసలుండదు. బార్న్స్ టీటీఎస్‌ఎక్స్, హార్నడీ సీఎక్స్ ఇలాంటివి. తగలగానే ముందు భాగం నాలుగైదు రేకులుగా విచ్చుకుంటుంది, బరువు దాదాపు పోదు.

నేను రాగి వాడతాను. కారణం వంటిల్లు. సీసం బుల్లెట్ చితికినప్పుడు కంటికి కనిపించని రేణువులు దెబ్బ చుట్టూ మాంసంలో చాలా దూరం పాకుతాయి. పిల్లలకు, గర్భిణులకు సీసం ఇంత మంచిది, ఇంత చెడ్డది అనే లెక్కే లేదు, ఎంతైనా చెడ్డదే. గోదావరి జిల్లాల్లో వేటమాంసం అంటే మేక మాంసమే కదా, మా ఇంట్లో మాత్రం ఇప్పుడు ఆ మాటకు అసలు అర్థమే. ఏడాది పొడుగునా ఫ్రీజర్లో ఉండేది అదే, మా పాప తినేదీ అదే. పైగా వదిలేసిన పేగుల్లోని సీసం తిని గద్దలు, రాబందులు చస్తాయి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం తూటాలు పూర్తిగా నిషేధం.

రాగికి ఒక షరతు ఉంది. అది విచ్చుకోవాలంటే వేగం కావాలి. అందుకే బరువు ఒక మెట్టు తగ్గించుకోండి: .308లో 150 లేదా 165, .30-06లో 165 లేదా 168, .270లో 130. ఎంత వేగం దాకా విచ్చుకుంటుందో తయారీ కంపెనీ చెప్తుంది. చాలావాటికి సెకనుకు 1,800 అడుగులు, కొన్నిటికి 2,000. డబ్బా మీది పట్టికలో ఆ వేగం ఏ దూరం దగ్గర పడిపోతుందో చూడండి. మీ దూరం దానికి ఇవతలే ఉండాలి.

రెండేళ్ల కింద నా ఎల్క్ వాలుగా నిలబడింది. కుడి పక్కటెముకల వెనక నుంచి వెళ్లిన బుల్లెట్ ఎడమ జబ్బ తోలు కింద ఆగింది. కోస్తుంటే వేలికి గట్టిగా తగిలింది. నాలుగు రేకుల పువ్వులా విచ్చుకుని ఉంది, ఒక రేకు చివర ఎముక పొడి అంటుకుని ఉంది. వంటింటి కాటా మీద పెడితే పోయిన బరువు తెలియనంత తక్కువ. జంతువు నలభై అడుగులు కూడా పోలేదు. ఆ ముక్క ఇప్పుడు నా డెస్క్ మీద ఉంది. మ్యాగ్నమ్ కావాలా అని ఎవరైనా ఇంటికొస్తే ముందు దాన్నే చేతికిస్తాను.

దొరికే తూటానే కొనండి

మీరు డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో విమానంలో వస్తున్నారనుకోండి. చాలా ఎయిర్‌లైన్స్ చెక్-ఇన్ బ్యాగులో 11 పౌండ్ల దాకా తూటాలు ఒప్పుకుంటాయి. ఆ బ్యాగు ఒక రోజు ఆలస్యమైతే? కొలరాడోలో మీకర్, క్రెయిగ్ లాంటి చిన్న ఊళ్ల షాపుల్లో .30-06, .308, .270 దొరక్కపోవడం అరుదు. కొత్తగా వచ్చిన ఫ్యాషన్ తూటాలకు ఆ భరోసా లేదు.

ఇక్కడే ఒక ప్రాణాల మీది మాట. గొట్టం మీద చెక్కిన పేరు, డబ్బా మీది పేరు అక్షరం పొల్లు పోకుండా ఒకటే అయి ఉండాలి. .300తో మొదలయ్యేవే నాలుగైదు రకాలున్నాయి: విన్‌చెస్టర్ మ్యాగ్నమ్, డబ్ల్యుఎస్‌ఎం, పీఆర్‌సీ, బ్లాక్‌అవుట్. ఒకదానిలో ఒకటి వేస్తే తుపాకీ పగిలి మొహం మీదికే రావచ్చు. అంకె చూసి డబ్బా తీసుకోకండి, పేరంతా చదవండి.

మూడు డబ్బాలు తెచ్చి కాల్చి చూడండి

ప్రతి రైఫిల్‌కూ ఒక ఇష్టం ఉంటుంది. ఒకే బరువు బుల్లెట్‌ను ఒక కంపెనీది అంగుళంలో పెడితే, ఇంకో కంపెనీది మూడంగుళాలు చెదరగొడుతుంది. అందుకే మూడు వేర్వేరు డబ్బాలు కొనండి. ఒక్కోదానికి యాభై డాలర్లు, అంతకు పైన కూడా అవుతుంది, అయినా తప్పదు. 100 గజాల దగ్గర బెంచీ మీద ఆనించి, గొట్టం చల్లారనిస్తూ, ఒక్కోటి మూడేసి చొప్పున రెండుసార్లు కాల్చండి. ఏది గుంపుగా పడిందో అదే మీ తూటా. ఆ రోజే వెళ్లి అదే లాట్ నంబరు (ఒకే విడతలో తయారైనవని చెప్పే నంబరు) ఉన్నవి ఇంకో మూడు నాలుగు డబ్బాలు తెచ్చుకోండి. వేరే లాట్‌తో గురి కాస్త జరగొచ్చు.

గురి 200 గజాలకు సరిచేసుకోండి. .30-06, .308 లాంటివాటితో అప్పుడు 100 గజాల దగ్గర సుమారు రెండంగుళాలు పైన, 300 దగ్గర ఎనిమిది తొమ్మిది అంగుళాలు కింద పడుతుంది. మీ తూటా సంగతి పట్టికను నమ్మకుండా రేంజిలోనే చూసి, ఆ అంకెలు చిన్న కాగితం మీద రాసి రైఫిల్ బట్ (భుజానికి ఆనించే భాగం) పక్కన టేపుతో అంటించండి. హ్యూస్టన్ లాంటి సముద్రమట్టం ఊళ్లో గురి సరిచేసుకున్నవాళ్లు తొమ్మిది వేల అడుగుల ఎత్తుకు వచ్చాక మళ్లీ మూడు కాల్చి చూసుకోవాలి. పల్చటి గాలిలో బుల్లెట్ కాస్త పైన తగులుతుంది, విమానం కుదుపులకు స్కోపు (గురి చూసే దుర్భిణి) కూడా కదిలి ఉండొచ్చు.

సీజన్‌కు ముందు నెలలో డమ్మీ పరీక్ష ఇంకోసారి చేయండి. వేసవిలో కదలని గొట్టం అక్టోబరులో కదలొచ్చు. కదిలితే ఇంట్లోనే రోజుకు ఇరవై సార్లు, స్నాప్ క్యాప్‌తో, అసలు తూటాలు వేరే గదిలో పెట్టి, గోడ మీది ఒక చుక్కను చూస్తూ ట్రిగ్గర్ మెల్లగా నొక్కండి. టక్కుమన్నాక కూడా స్కోపు గీత ఆ చుక్క మీదే ఉండాలి.